మూడు వందల సెకన్లు

పోయిన నెలలో నా పనిబల్ల మీదకి ఒక గోనెసంచి వచ్చింది. అందులో ఒక పాత ఉచ్చు. మా దగ్గర వెల్డింగ్ చేసే సహోద్యోగి మామగారిదట. ఆయనకి డెబ్బై దాటాయి. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో, ఉత్తరాన అడవిలో ఆయన పేరు మీద ట్రాప్‌లైన్, అంటే ఉచ్చులు వేసుకునే దారి, ఉంది. చలికాలం వస్తే మార్టెన్ల కోసం, అంటే ముంగిసలా ఉండే బొచ్చు జంతువుల కోసం, ఇప్పటికీ వెళ్తారు. "మీ దగ్గర స్ప్రింగుల మనిషి ఒకామె ఉందన్నావుగా, ఇవి ఇంకా బతికున్నాయో లేదో చూసి చెప్పమను" అని అల్లుడి చేతికిచ్చి పంపారు.

ఆ స్ప్రింగుల మనిషిని నేనే. ఎంత నొక్కితే ఎంత ఎదురుతిరుగుతుంది, లక్షసార్లు నొక్కాక ఆ బలంలో ఎంత మిగులుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పని ఇదే. వాల్వుల స్ప్రింగులు, బ్రేకుల స్ప్రింగులు, తలుపుల స్ప్రింగులు చూశాను. చంపడానికే చేసిన స్ప్రింగు నా చేతికి రావడం ఇదే మొదలు.

చూడ్డానికి పెద్ద వస్తువేం కాదు. లావుపాటి కడ్డీతో చేసిన రెండు చదరపు చట్రాలు, మధ్యలో కత్తెరలాగా కలిపి ఉంటాయి. అటొకటి, ఇటొకటి వి ఆకారంలో స్ప్రింగులు. స్ప్రింగు కొసలకి రింగులు, చట్రం కడ్డీల చుట్టూ తొడిగి ఉంటాయి. రెండు స్ప్రింగుల్నీ నొక్కి, చట్రాల్ని తెరిచి కొక్కెం తగిలిస్తే అరచెయ్యంత కిటికీ తయారవుతుంది. ఆ కిటికీలోకి వేలాడే తీగే మీట. జంతువు తల దూర్చి మీటని కదిపితే రింగులు కడ్డీల మీదుగా జారి చట్రాల్ని ఒకదాని మీదకొకటి తెచ్చి బిగించేస్తాయి. వేటగాళ్ల భాషలో దీని సైజు 120. బీవర్ లాంటి పెద్ద జంతువుకి వాడే 330 దీనికి పెద్దన్న. దాంట్లో చెయ్యి పెడితే ఎముక మిగలదని సహోద్యోగి హెచ్చరించాడు. మనకి చిన్నదే వచ్చినందుకు సంతోషించాను.

శనివారం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. స్ప్రింగులు కదలకుండా పట్టే కొక్కేలు రెండూ వేసి ఉంచి, మా అమ్మాయిని అవతలి కొసన కూర్చోబెట్టి, ఒక పెన్సిల్ని కిటికీలో అడ్డంగా పట్టుకున్నాను. కొక్కేలు తీశాక పొడుగు కర్రతో మీటని తాకాను. చప్పుడు వినపడ్డాక కన్ను ఆర్పాను, అంత వేగం. పెన్సిల్ విరిగింది. విరిగినచోట చెక్క పీచులు పీచులుగా చీలి, లోపలి గ్రాఫైటు పొడి అయింది.

"అమ్మా, దీంట్లో పడితే వెంటనే చచ్చిపోతుందా?"

"వెంటనే అంటే?"

"అంటే... ఎన్ని సెకన్లు?"

పదేళ్ల పిల్ల అడిగిన ప్రశ్న, పెద్దవాళ్లు ఒప్పందం రాసుకోవడానికి కూర్చుని అడిగిన ప్రశ్న ఒకటే. కెనడా, యూరోపియన్ యూనియన్, రష్యా కలిసి చేసుకున్న అంతర్జాతీయ మానవీయ ఉచ్చుల ప్రమాణాల ఒప్పందంలో దీనికి జవాబు అంకెల్లో ఉంది. మార్టెన్‌కంటే చిన్నదైన ఎర్మిన్‌కి 45 సెకన్లు. మార్టెన్‌కి, దాని చుట్టాలైన సేబుల్, పైన్ మార్టెన్‌లకి 120. చంపే ఉచ్చు విషయంలో మిగతా అన్నిటికీ 300. ఈ గడువులోగా జంతువు స్పృహ తప్పి, మళ్లీ తేరుకోని స్థితికి చేరాలి. పరీక్షించిన 12 జంతువుల్లో కనీసం 80 శాతం అలా చేరితే ఉచ్చు పాసయినట్టు.

ఆ మాట మా అమ్మాయికి చెప్పి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. "మనం ఇద్దరం మాట్లాడకుండా కూర్చుందాం, 300 అయ్యేదాకా." 45 దగ్గర అది నా వైపు చూసింది, పర్లేదు అన్నట్టు. 120 దగ్గర కుర్చీలో సర్దుకుంది. 200 దాటాక విరిగిన పెన్సిల్ ముక్క తీసుకుని గోళ్లతో పీచులు లాగడం మొదలుపెట్టింది. 260 దగ్గర "చాలమ్మా" అంది. ఆపేశాను. ఐదు నిమిషాలు పూర్తిగా కూర్చోలేకపోయాం, మాకు ఏ దెబ్బా తగలకుండానే.

ఇంతకీ సెకన్లు ఎక్కడిదాకా లెక్కపెట్టాలో ఎలా తెలుస్తుంది? ఇది చదివినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. పరీక్ష చేసే మనిషి ఉచ్చులో ఉన్న జంతువు దగ్గరకి వెళ్లి కంటి నల్లగుడ్డు మీద మెల్లగా తాకుతాడు. రెప్ప కొడితే మెదడు ఇంకా పనిచేస్తోందన్నమాట. కంటి మూల తాకి చూస్తాడు. మళ్లీ తాకుతాడు. ఏ తాకిడికీ రెప్ప కదలని క్షణం దగ్గర గడియారం ఆగుతుంది. పట్టికలో 45 అనో 120 అనో ఉన్న అంకె వెనకాల ఒక వేలు, ఒక కన్ను ఉన్నాయని అప్పటిదాకా నాకు తట్టలేదు.

నేనేం ఈ విషయంలో శుద్ధపూసని కాను. నా పాత చలికోటు టోపీ అంచున ఉన్న బొచ్చు కొయోటీ అనే తోడేలు జాతి జంతువుదని నాలుగేళ్లు తొడుక్కున్నాక లేబుల్ చదివి తెలుసుకున్నాను. బొచ్చు కోసం జంతువుల్ని పట్టడం ఉండాలా వద్దా అన్న వాదన నాకు తెలుసు, అందులో నా మనసు వద్దనే వైపే ఎక్కువ మొగ్గుతుంది. కానీ ఆ వాదన తేలేలోపు ఈ చలికాలం కూడా ఉచ్చులు పడతాయి. అవి ఎలా పడాలి అనేది నాలాంటి స్ప్రింగుల మనిషికి సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్న పాతదే. 1863లో చార్లెస్ డార్విన్, ఆయన భార్య ఎమ్మా కలిసి ఇంగ్లండులో ఒక విజ్ఞప్తి రాశారు. అక్కడి ఎస్టేట్లలో వాడే జిన్ ట్రాప్ అనే పళ్ల ఉచ్చు జంతువు కాలు పట్టుకుని రాత్రంతా అలాగే ఉంచుతుందనీ, దాని బదులు ఇంకేదైనా కనిపెట్టాలనీ దాని సారాంశం. కొత్త ఉచ్చు కనిపెట్టినవాళ్లకి బహుమతి ఇవ్వడానికి ఎమ్మా పట్టుబట్టి డబ్బు పోగుచేయించారు. కోరినట్టు పనిచేసే ఉచ్చు అప్పట్లో రాలేదు. జిన్ ట్రాప్‌ని ఇంగ్లండు, వేల్స్‌లలో నిషేధించింది 1958లో. విజ్ఞప్తికీ నిషేధానికీ మధ్య తొంభై ఐదేళ్లు.

ఆ 1950ల్లోనే కెనడాలో ఫ్రాంక్ కానిబేర్ అనే ట్రాపర్ నా బల్ల మీదున్న ఈ ఆకారాన్ని తేల్చాడు. ఆయన స్వయంగా ఏళ్ల తరబడి కాలు పట్టే ఉచ్చులు వేసినవాడు. ఆ ఉచ్చుల్లో జంతువులు ఎలా గడుపుతాయో చూసి చూసి విసిగి, పట్టుకోగానే చంపే ఉచ్చు కావాలని పట్టుపట్టాడు. జంతువుల కోసం పోరాడే సంఘమే ఆయనకి డబ్బు సాయం చేసింది. అమెరికాలో ఒక కంపెనీ దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక ఉత్తర అమెరికాలో చంపే ఉచ్చు అంటే కానిబేర్ ఉచ్చే అయిపోయింది. ఇప్పుడు ఎవరు తయారుచేసినా ఆ పేరుతోనే పిలుస్తారు.

అక్కడితో కథ అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కాలేదు. వేటగాడు తెల్లారి వెళ్లేసరికి ఉచ్చులో జంతువు చచ్చి ఉంటుంది, నిజమే. ఎంతసేపట్లో చచ్చిందో చూసినవాళ్లెవరు? చూడటం మొదలుపెట్టింది తర్వాత. అల్బర్టాలోనే, ఎడ్మంటన్‌కి తూర్పున వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న వెగ్రెవిల్‌లో. రోడ్డు పక్కన పెద్ద ఈస్టర్ గుడ్డు బొమ్మ కోసం జనం కార్లు ఆపే ఊరది. 1980ల నుంచీ ఉచ్చుల పరిశోధన అక్కడ జరుగుతోంది. 1983లో ఏర్పడిన ఫర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెనడా ఆ పని నడిపిస్తుంది. గిల్బెర్ట్ ప్రూ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ రాసిన వ్యాసాలు చదువుతుంటే నా వృత్తివాళ్లే రాసినట్టు అనిపించింది.

వాళ్ల పద్ధతి ఇది. ముందు ఉచ్చు ఒక్కదాన్నే యంత్రం మీద పెట్టి దెబ్బ ఎంత, మూసుకున్నాక బిగింపు ఎంత కొలుస్తారు. ఈ రెండూ వేరు. దెబ్బ కడ్డీ బరువు నుంచి, వేగం నుంచి వస్తుంది; ఒక్క క్షణమే. బిగింపు దెబ్బ తర్వాత స్ప్రింగు పట్టి ఉంచే బలం; విడిచిపెట్టేదాకా ఉంటుంది. దెబ్బకి స్పృహ పోకపోతే బిగింపే రక్తాన్నీ ఊపిరినీ ఆపాలి. ఇందులో ఏది తక్కువైనా సెకన్లు పెరుగుతాయి.

తర్వాతి దశ నాకు బాగా నచ్చింది. ఉచ్చుని మూసుకోకుండా తీగతో కట్టేసి, ఆవరణలో ఎర పెట్టి, కెమెరా పెట్టి వదిలేస్తారు. జంతువు వస్తుంది. ఎటునుంచి వస్తుంది, తల ముందు పెడుతుందా, కాలు ముందు పెడుతుందా, మీట కదిలిన క్షణంలో మెడ ఎక్కడ ఉంది, భుజం ఎక్కడ ఉంది, ఇవన్నీ రికార్డవుతాయి. ఒక్క జంతువూ చావదు. కడ్డీ మెడ మీదో తల మీదో పడకపోతే ఆ మీటని అక్కడే పక్కన పెట్టేస్తారు. ఆ గడప దాటాకే మత్తిచ్చిన జంతువు మీద పరీక్ష, ఆ తర్వాత ఆవరణలో అసలు పరీక్ష, చివరికి అడవిలో.

ఇలా చూసే 1989లో వాళ్లు తేల్చింది ఏంటంటే, మార్టెన్ల కోసం అందరూ వాడుతున్న మామూలు కానిబేర్ 120 మార్టెన్‌ని త్వరగా చంపడం లేదని. ఏళ్ల తరబడి "మానవీయం" అన్న పేరుతో చెలామణి అయిన ఉచ్చు. బలమైన స్ప్రింగులు వేసి మ్యాగ్నమ్ అన్నారు. రెండు తీగల మీట తీసేసి, గడ్డి ఎత్తే ఫోర్క్ పళ్లలాంటి మీట పెట్టారు. ఆ పళ్లని నెట్టుకుని వెళ్లాలంటే మార్టెన్ తల కిటికీ మధ్యలోకే రావాలి. అప్పుడు కడ్డీలు పడవలసిన చోటే పడ్డాయి. కిలో బరువుండే ఒక జంతువు చావులో ఎన్ని సెకన్లు ఉండాలన్నది తీగ వంపు నిర్ణయించింది. మా పనిలో అరమిల్లీమీటరు తేడాకి గంటలు గంటలు కొట్టుకుంటాం, ఎందుకురా ఇదంతా అనిపించేది. ఇకముందు అనిపించదనుకుంటా.

ఒప్పందం పుట్టడానికి ఊరికే జాలి చాల్లేదు, వ్యాపారం కావాల్సొచ్చింది. 1991లో యూరప్ ఒక చట్టం చేసింది: కాలు పట్టే స్టీలు దవడల ఉచ్చు మా దేశాల్లో నిషేధం, అది వాడే దేశాల నుంచి బొచ్చు కూడా కొనం, లేదంటే మానవీయ ప్రమాణాలు పాటించండి అని. ఆ దెబ్బకి చర్చలు మొదలై 1997లో ఒప్పందం కుదిరింది. కెనడా 1999లో ఆమోదించింది. రష్యా కూడా సంతకాల తంతు ముగించి, అమల్లోకి వచ్చేసరికి 2008. అమెరికా విడిగా ఒక అంగీకారం రాసుకుంది. ఒప్పందంలో ఉన్నవి 19 జాతులే. మింక్ అందులో లేదు, ఎర్రనక్క లేదు. ఎందుకు లేవో అడిగితే ఆయా జంతువులు ఏం చెప్తాయో గానీ, దెబ్బ తగిలితే వాటికీ రెప్ప కొట్టే కళ్లే ఉన్నాయి.

ఇక నేను నా పని మొదలుపెట్టాను, అంటే లెక్క. 12 జంతువుల్లో 80 శాతం అంటే 9.6, కాబట్టి 10 గడువులోపు స్పృహ తప్పాలి. మిగతా రెండిటికీ ఎంతసేపు పట్టినా సరే. నిజంగా 80 శాతం సామర్థ్యం ఉన్న ఉచ్చు ఈ పరీక్షకి వెళ్తే పాసయ్యే అవకాశం 56 శాతమే. అంటే మంచి ఉచ్చు దాదాపు సగంసార్లు ఫెయిలవుతుంది. అదే అసలు సామర్థ్యం 70 శాతమే ఉన్న ఉచ్చు వెళ్తే నాలుగోవంతు సార్లు పాసైపోతుంది. నేను బ్రేకు స్ప్రింగుల బ్యాచ్‌ని 12 ముక్కలు చూసి వదిలేస్తే నా ఉద్యోగం ఆ సాయంత్రమే పోతుంది.

మరైతే 12 బదులు 100 పెట్టండి అనబోయాను. నోట్లోనే ఆగిపోయింది. నాకు నమ్మకం కుదరడానికి ఇంకో 88 మార్టెన్లు కావాలన్నమాట. బ్రేకు స్ప్రింగు పరీక్షలో విరిగితే తుక్కులో పడేస్తాం. ఇక్కడ తుక్కు లేదు. అందుకే వెగ్రెవిల్‌లో కంప్యూటర్ నమూనాల వైపు వెళ్లారు. ఇప్పటిదాకా చేసిన పరీక్షల్లో ఏ దెబ్బకి, ఏ బిగింపుకి ఎన్ని సెకన్లు పట్టిందో ఆ లెక్కలు నమూనాకి ఇచ్చి, కొత్త ఉచ్చు కొలతల నుంచి ఫలితం ఊహిస్తారు. కొన్ని జాతులకి ఇది పనిచేస్తుంది. చచ్చిన జంతువులన్నీ రాబోయేవాటికి సాక్ష్యం చెబుతున్నట్టు. నాకు ఇది సాంత్వనా కాదు, అభ్యంతరమూ కాదు. మధ్యలో ఎక్కడో ఉంది.

కాలు పట్టి ఉంచే ఉచ్చుల సంగతి వేరే. అక్కడ చంపడం ఉండదు, గాయాలే లెక్క. కనీసం 20 జంతువుల్ని చూస్తారు: ఎముక విరిగిందా, స్నాయువు తెగిందా, పన్ను లోపలి గుజ్జు కనపడేలా పగిలిందా, తన కాలు తానే కొరుక్కుందా. 80 శాతం జంతువుల్లో ఇవేవీ ఉండకూడదు. దవడలకి రబ్బరు అంచు, పూర్తిగా మూసుకోకుండా సందు, గొలుసు మెలిపడకుండా స్వివెల్ అనే తిరిగే కీలు, లాగినప్పుడు కుదుపు తగ్గడానికి గొలుసు మధ్యలో స్ప్రింగు, ఇవి పెడితే గాయాలు తగ్గుతాయి. అయినా ఆ ఉచ్చులో అసలు భాగం ఇనుము కాదు, తెల్లారేసరికి వచ్చి చూసే మనిషి. ఆ మనిషి రెండురోజులు రాకపోతే రబ్బరు అంచు ఏం చేస్తుంది?

ఒకసారి పాసయితే చాలదనడానికి ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. స్టోట్ అంటే ఎర్మినే, 45 సెకన్ల గడువు ఉన్నది. దానికోసం ఫెన్ ట్రాప్ అనే స్ప్రింగు ఉచ్చుని దశాబ్దాలుగా వాడేవాళ్లు. ఒప్పందం ప్రమాణంతో చూస్తే అది నిలబడలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి స్టోట్‌కి దాన్ని వాడకూడదు. పాత మనుషులు తిట్టుకుంటూ మార్చుకున్నారట. వాళ్ల స్థానంలో నేనున్నా తిట్టుకునేదాన్నే, కొట్టు నిండా ఉన్న ఉచ్చులన్నీ ఒక్క తేదీతో ఇనపముక్కలైపోతే.

ఇలా రెండు వారాలు చదివాక సోమవారం పొద్దున్నే ఆ ఉచ్చుని మా స్ప్రింగు టెస్టరు మీద పెట్టాను. రెండు స్ప్రింగుల్నీ విడదీసి, ఒక్కోదాన్ని మెల్లగా నొక్కుతూ ప్రతి రెండు మిల్లీమీటర్లకీ బలం రాసుకున్నాను. ఒక్కోదాన్ని మూడుసార్లు. గీత గీసేసరికి తెలిసిపోయింది. ఎడమది కుడిదానికంటే ఆరోవంతు తక్కువ. రింగు దగ్గర వంపులో సన్నటి తుప్పు గుంట ఒకటుంది, గోరు పెడితే తగులుతుంది. చట్రం మూసుకున్నాక పట్టుకునే బలం కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. సందులో కాగితం పెట్టి లాగి చూశాను, ఎడమ మూల నుంచి సులువుగా జారి వచ్చింది. మార్టెన్‌కి ధ్రువీకరించిన మోడలే ఇది, జాబితాలో ఉంది. కానీ పరీక్షకి వెళ్లింది కొత్త ముక్క. ఇది పదిహేను చలికాలాలు మంచులో వేలాడిన ముక్క.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, గీతతో సహా పంపాను. ఆయన సాయంత్రం ఫోన్ చేశారు. ముందు థాంక్స్ చెప్పారు, గొంతులో కొంచెం మొహమాటం ఉంది.

"ఎడమది ఒక్కటి మారిస్తే సరిపోతుందా?"

"రెండూ మార్చండి. కొత్తదీ పాతదీ కలిపితే మళ్లీ తేడానే వస్తుంది."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, చేత్తో నొక్కితే గట్టిగానే అనిపిస్తుంది కదా, ఆరోవంతు తేడా నాకెలా తెలుస్తుంది అని అడిగారు. చేతికి తెలియదండీ, యంత్రానికే తెలుస్తుంది అన్నాను. మీరు పట్టిన వాటిలో ఎప్పుడైనా దెబ్బ సరిగ్గా పడని గుర్తులు కనపడ్డాయా అని అడుగుదామనుకున్నాను. ఆయనే అన్నారు: ఈమధ్య రెండుమూడిటి కింద, ఉచ్చు కట్టిన చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూశానని. ఎలుగుబంటి పిల్లో ఏదో అనుకున్నారట.

అలాంటి ఉచ్చులు ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాను. షెడ్డులో అరవై రెండట.

శుక్రవారం ట్రక్కులో వేసుకొస్తారు. మంచు పడేలోపు అన్నీ చూడాలంటే రోజుకి ఆరేసి చొప్పున, భోజనం విరామంలో. మేనేజరుకి ఇంకా చెప్పలేదు.